వెనక సీటు

“బ్రేకులు పడకపోతే?” అన్నాను. అప్పటికింకా తాళం కూడా మా చేతికి రాలేదు. కౌంటరు అవతలి అమ్మాయి మా పాస్‌పోర్టులను పేకముక్కల్లా బల్ల మీద పరుచుకుని ఒక్కో ఫోటో వంకా ఒక్కో మొహం వంకా చూస్తోంది. “అడగవే. బ్రేకులు పడకపోతే ఎవరికి చెప్పుకోవాలో అడుగు. దారిలో ఆగిపోతే ఎవరొస్తారో కూడా అడుగు.” మా అమ్మాయి నా వైపు తిరక్కుండానే, “అవన్నీ అడిగితే మనల్ని చూసి భయపడి కారివ్వరమ్మా,” అంది. మా ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇరవయ్యారేళ్ళుగా కారు మాటెత్తితే గోడ వంక చూసే మనిషి, పరాయి దేశంలో కారు అద్దెకిచ్చే చోట నిలబడి నవ్వుతున్నారంటే, తండ్రీ కూతుళ్ళు నాకు తెలియకుండా ఏదో అనుకునే వచ్చారన్నమాట. కౌంటరు అమ్మాయి ఏదో అడిగింది. మా అమ్మాయి ఒక వేలు చూపించింది. ఏమిటే అంటే, “ఎంతమంది నడుపుతారంటోంది. నేనొక్కదాన్నే అన్నాను,” అంది. అప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. చెప్పుల వంక చూసుకున్నారు. ఆ చెప్పులు ఈ ప్రయాణం కోసమే కొన్నవి, కుడికాలి మడమ దగ్గర అప్పుడే ఒరుసుకుపోతోంది, ఆయన కుడికాలు ఎప్పుడూ నేల మీద సరిగ్గా పడదు కదా. నేను చూపు తిప్పుకున్నాను. ఆ కాలు వంక ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. అదీ నాకు అలవాటే.

బయట ఆవరణలో కార్లన్నీ తెల్లగా, ఒకే కాన్పులో పుట్టినట్టు, వరసగా నిలబడి ఉన్నాయి. నారింజరంగు చొక్కా వేసుకున్న ఒకతను కాగితం పట్టుకొచ్చాడు. దాని మీద కారు బొమ్మ, పైనుంచీ పక్కలనుంచీ ముందునుంచీ చూసినట్టు, కుట్లు విప్పి పరిచిన జాకెట్టులా ఉంది. అతను కారు చుట్టూ తిరుగుతూ, గీత కనిపించిన చోటల్లా బొమ్మ మీద ఒక ఇంటూ గుర్తు పెడుతున్నాడు. ఇది పాత దెబ్బ, మీది కాదు అని. నేను వంగి చూసి, అతను వదిలేసినవి రెండు పట్టుకున్నాను. వెనక తలుపు పిడి కింద ఒకటి, చక్రం పైన ఒకటి. “ఇవి రాయలేదు. రాయమను. రేపు తిరిగిచ్చేటప్పుడు మన నెత్తిన రుద్దుతాడు.” అతను నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు, మెచ్చుకున్నట్టు. మెచ్చుకోవడం కూడా ఒక ఎత్తే, మెచ్చుకుని మూడోది దాచేస్తారు. చివరికి కాగితం కింద అతనొక సంతకం, మా అమ్మాయొక సంతకం. ఏ దెబ్బ ఎవరిదో ముందే రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టేసుకుంటే ఎంత హాయి, ఇక ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు, అనుకున్నాను. ఎండగా ఉందని పైట నెత్తిన కప్పుకున్నాను.

“అమ్మా, నువ్వు వెనక. నాన్న ముందు కూర్చుంటాడు.” అదీ మాట. నేను ఏ తలుపు దగ్గరికీ వెళ్ళకముందే, ఎవరూ అడక్కముందే. ఎందుకు ముందే చెప్పడం? కాళ్ళు చాపుకోవాలి కాబట్టి నాన్న ముందు, అనొచ్చు కదా, అనలేదు. నీకు వెనక హాయిగా ఉంటుందమ్మా, అనొచ్చు కదా, అదీ అనలేదు. రెండేళ్ళ కిందట లైసెన్సు వచ్చినప్పుడూ ఇదే మాట. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం దానికి, పనిమీద ఊళ్ళు తిరగాలని నేర్చుకుంది. చిన్న పాత కారొకటి కొనుక్కుని, ఎక్కండి తిప్పుతానంటే, నేను తలనొప్పి అన్నాను, ఆ తర్వాత కాళ్ళనొప్పులన్నాను, రెండేళ్ళపాటు నా ఒంట్లో నొప్పి లేని చోటు లేకుండా చెప్పుకుంటూ వచ్చాను. అయినా ఆ మొదటిరోజు అది అన్న మాట నేను మరిచిపోలేదు. “నా పక్కన నాన్నే కూర్చోవాలి.” నాన్నే. ఆ మాటని అంత ఒత్తి ఎందుకంది? ఆయన కలప డిపోలో పని మానేశారని, ఇన్నాళ్ళూ ఎక్కడికీ వెళ్ళలేదని, మా ఇద్దర్నీ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తానని ఈ సెలవు పెట్టింది. మేం దిగబోయే ఇంటికి బస్సు లేదట, రైలు లేదట, గంటసేపు కారులో వెళ్ళడం తప్ప దారి లేదట. అన్ని ఊళ్ళున్న ఇంత దేశంలో బస్సు పోని చోటే దీనికి దొరికిందా? నాకు తలనొప్పి చెప్పే వీలు లేని చోటు వెతికి మరీ పట్టుకుందనిపిస్తోంది.

ఇక్కడ అంతా తిరగబడి ఉంది. స్టీరింగు ఎడమ పక్కన, వెళ్ళడం కుడి పక్కన. మా అమ్మాయి మలుపు తిరిగేటప్పుడల్లా లైటు వెలిగించబోయి వైపర్లు వేస్తోంది. చుక్క వాన లేదు, ఎండ మండిపోతోంది, అద్దం మీద ఆ రెండు చేతులూ పొడిగా కీచుమంటూ వద్దు వద్దు అన్నట్టు ఊగుతున్నాయి. “మళ్ళీ పడింది,” అంటుంది అది. “అలవాటవుతుందిలే,” అంటారు ఆయన. ఫోనులో ఒక ఆడమనిషి దారి చెబుతోంది. నా మాట ముప్పై ఏళ్ళుగా చెవిన పెట్టని పిల్ల, ఊరూ పేరూ తెలియని ఆవిడ ఊఁ అంటే చాలు తిప్పేస్తోంది. ఆవిడ అబద్ధం చెబితే? ఆవిడకేం పోయింది, ఆవిడ కార్లో లేదు కదా. వెనక ఒక నీలం కారు పెట్రోలు బంకు దాటినప్పటినుంచీ మా వెంటే వస్తోంది. అద్దెకారని నెంబరు చూస్తే తెలిసిపోతుందట, విదేశీయులని తెలిస్తే ఆపి పెట్టెలు లాక్కుంటారట, విమానంలో పక్కసీటావిడ చెప్పింది, లేదూ నేనే అనుకున్నాను, ఏదైతేనేం. తిరిగి చూశాను. కారులో ముసలాయనా పక్కన కుక్కా. కుక్క నన్ను చూసి ఆవలించింది.

ఆ పెట్రోలు బంకు దగ్గరే ఇంకొకటి జరిగింది. టీ తాగుదామని ఆపింది. వాళ్ళిద్దరూ దిగారు. నేను తలుపు పిడి లాగాను, రాలేదు. మళ్ళీ లాగాను. భుజంతో నెట్టాను. అద్దం మీద కొట్టాను. అమ్మాయి పరిగెత్తుకొచ్చి బయటనుంచి తీసింది. “పిల్లల లాకు వేసుందమ్మా. ముందు అద్దెకి తీసుకున్నవాళ్ళకి చిన్నపిల్లలున్నారేమో.” అయ్యుండొచ్చు. నిజంగానే సీటు సందులో బిస్కెట్టు ముక్కలున్నాయి. మరి ఆ లాకు తీసెయ్యచ్చు కదా? తీసెయ్యలేదు. టీ తాగి వచ్చి మళ్ళీ నన్ను కూర్చోబెట్టి, బెల్టు లాగి నడుం దగ్గర టక్కున పెట్టి, తలుపు వేసింది. పసిపిల్లని కట్టినట్టు కట్టింది. బయటికి రాకూడదు, ముందుకి రాకూడదు. ఏ మనిషిని ఇలా కూర్చోబెడతారు? ఏదో ఒకటి చేస్తుందని తెలిసిన మనిషిని. చెయ్యి ఊరుకోని మనిషిని. దీనికి తెలుసు. దీనికి తెలుసు, ఆయన చెప్పేశారు.

చెప్పి ఉంటే ఎప్పుడు చెప్పారు? దీనికి పన్నెండేళ్ళప్పుడు ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. మా ఆడపడుచు భర్త, ఆయనకి ప్రతి మాటా వేళాకోళమే, మా ఆయన వడ్డన దగ్గర ఒక్క నిమిషం కళ్ళు నులుముకుంటే, “కునుకు బావని ఎవరైనా పట్టుకోండర్రా, సాంబారులో పడతాడు,” అన్నాడు. అందరూ నవ్వారు. కునుకు బావ. ఆ పేరు పెట్టింది ఆ వేళాకోళం మనిషే, చుట్టాలందరికీ అంటించింది అతనే. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినా, “కునుకు బావా, మెలకువగా ఉన్నావా?” అనే పలకరింపు. మా ఆయనా నవ్వేవారు. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వాననే చెప్పాలి, నవ్వకపోతే అనుమానిస్తారని. ఇది మాత్రం చేతిలో ముద్ద విస్తట్లో పడేసి లేచి వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళ ముందు ఆ పొగరేమిటని నేనే తిట్టాను. పెరట్లో నిలబడి నన్నొక చూపు చూసింది. పన్నెండేళ్ళ పిల్ల చూడాల్సిన చూపు కాదది. బహుశా ఆ రోజుకే చెప్పేసి ఉంటారు. లేకపోతే ఆ తర్వాత, డిపో నుంచి ఇద్దరూ నడిచి వచ్చేటప్పుడు, నేను లేనప్పుడు, వాళ్ళిద్దరికీ మాట్లాడుకోవడానికి దార్లకేం తక్కువ.

చూడండి, ఆయన ఎలా కూర్చున్నారో. నేను ఆయన వెనకే ఉన్నాను, సీట్ల సందులోంచి ఆయన కాళ్ళు కనబడుతున్నాయి. ముందు కారు నెమ్మదించినప్పుడల్లా ఆయన కుడిపాదం కింద పరిచిన రబ్బరుపట్టాని నొక్కుతోంది. అక్కడ బ్రేకు లేదు. వంగని మోకాలితో, ఒరుసుకున్న మడమతో, లేని బ్రేకుని నొక్కుతున్నారు. కూడలి వచ్చే ముందు, “కుడి,” అంటారు మెల్లిగా. అద్దంలో ఏమొస్తోందో అమ్మాయి కంటే ముందు చూస్తారు. ఈ మనిషికి నిజంగా డ్రైవింగు వచ్చు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. ఇరవై రెండేళ్ళ వయసులో స్నేహితుడి టాక్సీ మీద నేర్చుకున్నారు, రాత్రీ పగలూ నడిపినా అలిసేవారు కాదట. సొంతంగా ఒక పాతకారు కొనుక్కుని టాక్సీ తిప్పుతానని, మాట కూడా ఖాయం చేసుకున్నారు. కారు రంగు నన్నే అడిగారు. నేను పసుపు వద్దు తెలుపు అన్నాను. ఆ వారమే ఆ రోజు వచ్చింది. తర్వాత ఆ కారు ఇంకెవరో కొనుక్కున్నారు. ఈయన మెడలో టేపు వేసుకుని దుంగల చుట్టుకొలతలు తీస్తూ, సైకిలు తొక్కలేని కాలితో డిపోకి నడుస్తూ, ఇరవయ్యారేళ్ళు.

ఆ రోజూ అద్దెకారే. అందుకే నాకు అద్దెకారు అంటే వణుకు. బూడిదరంగుది. ఒక్కరోజుకి తెచ్చారు, డ్యాము చూపించడానికి. నేను ముందు ఆయన పక్కన కూర్చున్నాను. పిల్లకి ఐదేళ్ళు, వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకుంది, మధ్యాహ్నం ఎండకి నిద్రపోయింది. రోడ్డు మలుపు తిరిగే చోట లారీ ఎదురొచ్చింది. ఆయన చూశారు. చూశారని నాకు తెలుసు, ఎందుకంటే అప్పటికే కారు నెమ్మదించింది, ఆయన పక్కకి తీస్తున్నారు, పెదాల మధ్య పాటేదో ఉంది, అది కూడా ఆగలేదు. కానీ లారీ నాకు గోడలా కనిపించింది. నా చెయ్యి వెళ్ళి స్టీరింగు పట్టుకుని నా వైపు లాగింది. చెయ్యి వెళ్ళింది అంటున్నాను, చూశారా, ఇరవయ్యారేళ్ళయినా నేను లాగానని లోపల కూడా అనుకోలేకపోతున్నాను. లారీ తన దారిన తను పోయింది. ఆగను కూడా ఆగలేదు, ఆగడానికి దానికేం తగల్లేదు కదా. మా కారు కల్వర్టు గోడకి కొట్టుకుంది. ఆయన మోకాలు ముక్కలైంది, తల చిట్లి తెలివి తప్పారు. పిల్లకి గడ్డం కింద తెగి ఏడు కుట్లు పడ్డాయి. నాకు గాజు కూడా పగల్లేదు.

జనం చేరారు. తలపాగా చుట్టుకున్న ఒకాయన నీళ్ళు తెచ్చి నా మొహాన చల్లి, “నిద్రపోయాడా అమ్మా?” అన్నాడు. ఊఁ అన్నాను. అంతే. నేను చెప్పిన అబద్ధం మొత్తం అంతే, ఒక్క ఊఁ. మాట కూడా కాదది. కానిస్టేబులు అదే రాసుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరుకి ఎవరో అదే చెప్పారు. సాయంత్రానికి మా అత్తగారు వచ్చేసరికి అది అందరికీ తెలిసిన సంగతైపోయింది. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి అది ఇంకొంచెం బరువెక్కింది. మూడో రోజు ఆయనకి తెలివొచ్చింది. మంచం పక్కన మా ఆడపడుచు కూర్చుని ఏడుస్తూ, “నిద్రొస్తే పక్కన ఆపుకోవచ్చు కదరా, చిన్నపిల్ల ఉందన్న ధ్యాస కూడా లేదా,” అంది. ఆయన ఆవిణ్ణి చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను గ్లాసులో మందు కలుపుతున్నాను, చెంచా గ్లాసుకి టకటక కొట్టుకుంటోంది. అంతసేపూ చూసి, “పాప ఎలా ఉంది?” అన్నారు. ఆ చూపుని నేను ఇన్నేళ్ళుగా తీసి చూసుకుంటూనే ఉన్నాను. ఒకరోజు అది నన్ను అడుగుతున్న చూపులా ఉంటుంది. ఒకరోజు అంతా తెలిసి వదిలేసిన చూపులా ఉంటుంది. ఎక్కువ రోజులు రెండోదే. గుర్తుండకుండా ఎలా ఉంటుంది? తన చేతిలోది ఇంకొకళ్ళు లాగితే మనిషికి తెలియదా?

తెలుసు కాబట్టే నన్ను ఇలా సాధిస్తున్నారు. నోరెత్తి ఒక్కమాట అనకుండా సాధించడం ఆయనకొచ్చినట్టు ఎవరికీ రాదు. ఆ తర్వాత ఆయన మధ్యాహ్నం నడుం వాల్చడం నేను చూడలేదు. ఆదివారమైనా సరే, జ్వరమైనా సరే, భోంచేసి గుమ్మంలో నిలబడతారు. బస్సులో సీటున్నా కడ్డీ పట్టుకుని నిలబడతారు, కునుకు రాకుండా దవడలో లవంగం పెట్టుకుని. ఎక్కడికి ప్రయాణమైనా నాతో ఒకటే మాట: “నువ్వు పడుకో. నేను చూస్తుంటాను.” నేను చూస్తుంటాను! ఎవరికి వినిపించడానికి? నిన్న విమానంలోనూ అంతే. ఎనిమిది గంటలు, లైట్లు తీసేశారు, విమానమంతా గురకపెడుతోంది, ఈయన మాత్రం కళ్ళు విప్పార్చుకుని ముందు సీటు వంక చూస్తూ కూర్చున్నారు. విమానం ఆయనేమన్నా నడుపుతున్నారా? పడుకోండి అంటే, “ఫరవాలేదు,” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చూశావా, నేను నిద్రపోయే మనిషిని కాదు, నీకు తెలుసు, నాకు తెలుసు, అని చెప్పడం కాకపోతే ఏమిటది? ఆ కోపంతోనే నేను కళ్ళు మూసుకున్నాను. మూసుకుని, ఈయన మెలకువగా ఉన్నారో లేదోనని మధ్యమధ్య తెరిచి చూశాను.

సముద్రం కనిపించింది. అమ్మాయి, “అమ్మా, చూడు, చూడు,” అంది. చూడలేదు. రోడ్డు సన్నబడింది. ఒకపక్క కొండ, ఇంకోపక్క మోకాలెత్తు గోడ, గోడ తర్వాత కిందకి ఏముందో కనపడదు. గోడ ఉన్న పక్క మాది. మలుపు తర్వాత మలుపు. ఫోనులో ఆడమనిషి కూడా నోరు మూసుకుంది, ఆవిడకీ భయమేసి ఉంటుంది. “మెల్లిగా,” అన్నాను. “మెల్లిగానే వెళ్తున్నానమ్మా.” “ఇంకా మెల్లిగా.” “ఇంతకంటే మెల్లిగా అంటే దిగి తొయ్యాలి.” ఆయన నవ్వలేదు, రోడ్డు చూస్తున్నారు. గోడలో ఒకచోట రాళ్ళు కొత్తవి, తెల్లగా ఉన్నాయి. ఎవరో కొట్టుకుంటేనే కదా కొత్తరాళ్ళు పెడతారు. ఎవరు లాగితే కొట్టుకున్నారో. అప్పుడు మలుపులోంచి బస్సు వచ్చింది. బస్సు లేదన్న చోట బస్సు, రెండంతస్తులది, రోడ్డంతా తనదే అన్నట్టు, ముందు అద్దం నిండా ఆకాశం. అమ్మాయి నెమ్మదించింది, గోడ వైపు జరుపుతోంది, ఆయన పాదం పట్టాని నొక్కింది, అంతా నాకు తెలుస్తూనే ఉంది, ఆ రోజు కూడా అంతా తెలుస్తూనే ఉంది. నేను ముందుకి దూకాను. బెల్టు ఛాతీ మీద బిగిసి పట్టేసింది. సీట్ల మధ్యనుంచి నా చెయ్యి సాగి, స్టీరింగుకి జానెడు దూరంలో గాలిలో ఆగిపోయింది.

“అమ్మా, చెయ్యి,” అంది.

వెనక్కి తిరగలేదు, అద్దంలోకి చూడలేదు, గొంతు పెంచలేదు. పాలు పొంగుతుంటే పొయ్యి తగ్గించినట్టు అంది. బస్సు గాలితో మమ్మల్ని ఒకసారి ఊపి వెళ్ళిపోయింది. అరుస్తున్నావేమిటి అనలేదు, ఎందుకా కంగారు అనలేదు. చెయ్యి అంది. నేను అరవనే లేదు, అది రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పనే లేదు, వెనకనుంచి వచ్చేది చెయ్యేనని దానికెలా తెలుసు? ఆ చేతి కోసం అది పొద్దుటినుంచీ కాచుకుని ఉంది. రెండేళ్ళనుంచీ. ఇంకా ముందునుంచీ. గోడ కాస్త వెనక్కి జరిగి ఖాళీ ఉన్న చోట, కార్లు ఆపుకుని సముద్రం చూసుకోవడానికని కట్టిన చోట, మెల్లిగా పక్కకి తీసి ఆపింది. ఈసారి వైపర్లు పడలేదు. లైటే వెలిగింది, టిక్కు టిక్కుమంటోంది. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను. అది నాది కానట్టు ఉంది. ఇక దాచి ఏం లాభం? ఇద్దరూ మాట్లాడుకుని, నన్నిక్కడికి తీసుకొచ్చి, తలుపు రాని చోట కూర్చోబెట్టారు. అడగాలనే కూర్చోబెట్టారేమో. సరే, అడుగుతాను.

“మీ నాన్న చెప్పారా నీకు?”

అమ్మాయి స్టీరింగు మీదనుంచి చేతులు తియ్యలేదు. “నాన్నకేం తెలుసమ్మా చెప్పడానికి,” అంది. “నేనే చూశాను. నేను నిద్రపోలేదారోజు. లేచి కూర్చుంటే ఎండ తగులుతుందని తిడతావని ఉత్తినే కళ్ళు మూసుకుని పడుకున్నా. నువ్వు కెవ్వుమంటే తెరిచా.”

“ఏం చూశావే?” అన్నారు మా ఆయన.

ఆయన దాని వంక తిరిగారు, “ఎప్పుడు? ఏ రోజు? ఏమిటే మీ ఇద్దరూ?” అన్నారు. అది అద్దంలోంచి నన్నే చూస్తోంది. తిట్టే చూపు కాదు. పెరట్లో చూసిన చూపే, కాకపోతే ఇప్పుడు దాన్లో కోపం లేదు, ఎదురుచూడటం ఒక్కటే ఉంది. నాన్నకేం తెలుసు అంది. ఆ మాట నాలోకి దిగడానికి ఇంత సేపు పట్టింది. ఏం తెలుసు. గుమ్మంలో నిలబడటం, బస్సులో కడ్డీ, దవడలో లవంగం, నువ్వు పడుకో నేను చూస్తుంటాను. అవి నా కోసం కాదు, నా మీద కాదు. ఈ మనిషి భయపడుతున్నారు. కళ్ళు మూస్తే మళ్ళీ ఎవరికైనా ఏమైనా అవుతుందని, తన కన్ను మీద తనకి నమ్మకం లేక, ఇరవయ్యారేళ్ళుగా కాపలా కాస్తున్నారు. ఎవరినుంచి? తననుంచి. నేను అదంతా ఎత్తిపొడుపనుకుని ఆయన మీద పళ్ళు నూరుకుంటూ పక్కనే పడుకుని నిద్రపోయాను, హాయిగా, ప్రతి మధ్యాహ్నం.

“ఏమండీ,” అన్నాను. ఆయన వెనక్కి తిరగబోయారు, మెడ అంతవరకు తిరగదు, చెవి ఒక్కటే ఇటు తిరిగింది. ఆ చెవితోనే మాట్లాడాను. “డ్యాముకి వెళ్ళిన రోజు లారీ ఎదురొస్తే, మీరు చూశారు. మీరు పక్కకి తీస్తున్నారు. పాట పాడుకుంటున్నారు కూడా. నేనే స్టీరింగు పట్టుకుని లాగాను. ఎవరో నిద్రపోయాడా అనడిగితే ఊఁ అన్నాను.” ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, కాలు గురించి, తెల్లకారు గురించి, భోజనాల దగ్గర నవ్విన నవ్వు గురించి, ఏదీ రాలేదు. చెప్పడానికి ఉన్నది అంతే. ఇన్నేళ్ళు మోసింది పిడికెడు మాటలే.

లైటు టిక్కు టిక్కుమంటోంది. అమ్మాయి చెయ్యి చాపి దాన్ని ఆపింది. ఇంజను వేడికి ఎక్కడో ఒక ఇనపముక్క చిటుక్కుమంది. కింద నీళ్ళు ఉన్నాయని చప్పుడుని బట్టి తెలుస్తోంది, నా సీట్లోంచి కనపడవు. నీలం కారు వచ్చి మా పక్కన ఆగింది. ముసలాయన కుక్కని దింపి గోడ దాకా తీసుకెళ్ళాడు, అది గోడ వాసన చూసింది, ఇద్దరూ సముద్రం చూశారు, మళ్ళీ ఎక్కారు, వెళ్ళిపోయారు. ఆయన కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు, ఒక అద్దం, తర్వాత రెండోది, తర్వాత మళ్ళీ మొదటిది. తలుపు తీసుకుని దిగిపోతారనుకున్నాను. ఆయన తలుపు వస్తుంది, నాది రాదు. దిగి ఎటైనా నడిచిపోతే నేను లోపలినుంచి అద్దం కొట్టాలి. తిట్టండి, అని లోపల అనుకుంటున్నాను, అదైనా అనండి, అమ్మాయి ముందే అనండి. అమ్మాయి కదలడం లేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడ వంకో, గోడ అవతల ఉన్నదాని వంకో, కళ్ళు చిట్లించి చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. ఎంతసేపంటే, కారులో గాలి వేడెక్కి, నా చేతికి చెమట పట్టి, అది ఆరి, మళ్ళీ పట్టేంతసేపు.

“అయితే నేను నిద్రపోలేదన్నమాట,” అన్నారు.